శ్రద్ధగా చదివాను

రచయితలు, ప్రచురణకర్తలు మొదలుకొని కింద కళ్లజోళ్ల దుకాణం వాడి దాకా అందరికీ ఆవిడ కత్తెరమ్మ. నిజానికి ఆవిడ చేతిలో కత్తెర ఎప్పుడూ లేదు. ఉన్నదల్లా ఒక ఎర్ర పెన్సిలు. ముప్పై ఏళ్ల కిందట ఒక లావుపాటి నవల రాసినాయన, తన కథలోంచి అరవై పేజీలు ఎగిరిపోయాయని మెట్ల మీద కూలబడి, "మనిషి కాదండీ బాబూ, కత్తెర!" అని వచ్చేపోయేవాళ్లందరికీ చెప్పుకున్నాడు. తర్వాత ఆ నవలకే ఆయనకు మంచిపేరు వచ్చింది. ఆయన ఏడుపు ఆయన మర్చిపోయాడు గాని, ఆ పేరు మాత్రం ఆవిడకు అతుక్కుపోయింది.

ఆఫీసు కళ్లజోళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో. రెండు గదులు. తలుపు మీద 'రచయితల ప్రతినిధి' అని ఇత్తడి పలక. ఆ మాటకు అర్థం తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మన్ ఒకడు ఆవిడేదో ఎన్నికల్లో గెలిచిన మనిషనుకుని, "మా వీధి కుళాయికి నీళ్లు రావడం లేదమ్మా, కాస్త చూడండి" అని అర్జీ పెట్టుకున్నాడు. కన్నతల్లికే ఆ పని అంతుబట్టలేదు.

"అసలు నువ్వు చేసేదేమిటే?" అని అడిగిందోసారి.

"పుస్తకాలకి సంబంధాలు చూస్తానమ్మా. రాసేవాళ్లకీ అచ్చువేసేవాళ్లకీ మధ్య మాట కలుపుతాను."

"మరి నీకొకటి చూసుకోలేదేం?"

కత్తెరమ్మ నవ్వేసింది. ఆవిడకు పెళ్లి మీద ధ్యాస లేదు. ఇరవై రెండేళ్లకు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దడానికి చేరింది. అచ్చుతప్పులు వెతకమంటే కథలో తప్పులు వెతికేది. "మూడో అధ్యాయంలో చచ్చిపోయిన మామగారు తొమ్మిదో అధ్యాయంలో తలుపు తీశాడేమిటండీ?" అని రచయితనే నిలదీసేది. అలా రచయితలు ఒక్కొక్కరే ప్రెస్సుకు ఇవ్వకముందే రాతప్రతులు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టడం మొదలైంది. వాళ్ల తరఫున ప్రచురణకర్తలతో మాట్లాడటమూ ఆవిడ నెత్తినే పడింది. అదే బతుకుతెరువయింది.

ఆ రోజుల్లో ఆవిడ ప్రతి రచననూ రెండుసార్లు చదివేది. మొదటిసారి పెన్సిలు దూరంగా పెట్టి, వాలుకుర్చీలో పడుకుని. రెండోసారి బల్ల దగ్గర నిటారుగా కూర్చుని. చదివాక మూడు నాలుగు పేజీల ఉత్తరం చేత్తో రాసేది. ఉత్తరం ఎప్పుడూ ఒకే వాక్యంతో మొదలయ్యేది: 'మీ రచన మొత్తం శ్రద్ధగా చదివాను.' ఆ వాక్యం ఉన్న ఉత్తరం రావడమే గొప్ప అని కొత్తగా రాసేవాళ్లు చెప్పుకునేవారు. కాదన్న ఉత్తరాన్ని కూడా దాచుకునేవారు.

కాలం మారింది. ఒకప్పుడు ప్రతి ప్రచురణ సంస్థలోనూ ముగ్గురు నలుగురు సంపాదకులుండేవారు. వాళ్లను ఒక్కొక్కరినే ఇంటికి పంపేశారు. "మీరే కోసి, కడిగి, వండి పట్టుకురండి కత్తెరమ్మగారూ, మేం వడ్డిస్తాం" అన్నాడు ఆవిడకు పాతికేళ్లుగా తెలిసిన ప్రచురణకర్త. సరే అని ఆ పనీ తలకెత్తుకుంది. నాలుగేళ్లు తిరిగేసరికి, "వంట సరే, తినేవాళ్లను కూడా మీరే పట్టుకురావాలి. ఈ రచయితకి ఫోన్లో ఎంతమంది ఫాలోయర్లున్నారు?" అని అడగడం మొదలుపెట్టారు. కొంతమంది రచయితలు ఈ గొడవంతా ఎందుకని తమ పుస్తకాలు తామే వేసుకున్నారు. మిగిలినవాళ్లకు కత్తెరమ్మే పంతులమ్మ, వకీలు, ప్రచారకర్త. వాళ్లు నిరాశపడ్డ రోజున వాళ్ల అమ్మ కూడాను. అదివరకు రాతప్రతి పంపాలంటే కట్ట కట్టి, తూకం వేయించి, వరసలో నిలబడి పంపాలి. అందుకని నాలుగుసార్లు ఆలోచించి పంపేవారు. ఇప్పుడు మీట నొక్కితే చాలు. నెలకు ఐదారు వచ్చేవి ముప్పై నలభై అయ్యాయి.

అప్పుడే అన్నయ్య కూతురు ఆఫీసులో చేరింది. చురుకైన పిల్ల. వచ్చిన వారానికే ఆవిడ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం పెట్టింది. ఎంత పెద్ద నవలైనా అందులో వేస్తే నిమిషంలో ఒక పేజీ నివేదిక వస్తుంది. కథేమిటి, పాత్రలెవరు, లోపాలేమిటి అన్నీ అందులోనే. నివేదిక చివర మేనకోడలు తనే ఒక వాక్యం చేర్చింది: 'ఇది సారాంశం మాత్రమే. నిర్ణయానికి ముందు రచన చదవాలి.'

"ఏది ముందు చదవాలో తెలుసుకోవడానికే అత్తా ఇది. చదవడం మానెయ్యడానికి కాదు."

"నాకు చెప్తున్నావా?" అంది కత్తెరమ్మ. ఆ మాట ఆవిడ పొగరుగానే అంది.

ఆ ఏడు ఆవిడకు కంటి ఆపరేషనైంది. నెల రోజులు చదవొద్దన్నారు డాక్టర్లు. నెల పూర్తయ్యేసరికి చూడని రచనలు గుట్ట పడ్డాయి. జవాబు రాలేదని జనం ఫోన్లు. మేనకోడలు నివేదికలు పైకి చదివి వినిపిస్తుంటే, వాటిని బట్టి కత్తెరమ్మ ఉత్తరాలు చెప్పి టైపు చేయించింది. ఈ నెల గండం గడిస్తే చాలు అనుకుంది. కళ్లు బాగయ్యాయి. కొత్త కళ్లజోడు వచ్చింది. అయినా గుట్ట తరగలేదు. నివేదిక చూసి ఉత్తరం రాయడం ఎంత సులువో చెయ్యికి తెలిసిపోయింది. మొదట బాగా లేవని తోచిన వాటికే అలా చేసింది. తర్వాత ఫలానా వాటికని లేదు.

"ఇది చదివావా అత్తా?" అని అడిగేది మేనకోడలు, ఉత్తరం పంపేముందు.

"ఆఁ, చదివాను."

ఆ అబద్ధం మొదటిసారి గొంతుకు అడ్డం పడింది. పదోసారికి మంచినీళ్లలా దిగిపోయింది. ఉత్తరాల్లో మొదటి వాక్యం మాత్రం మారలేదు.

ఇలా రెండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం మెట్లెక్కి ఒకావిడ వచ్చింది. అరవై పైబడిన మనిషి, చేతులు మాత్రం ఇంకా పెద్దవిగా, బలంగా ఉన్నాయి. గుడ్డసంచిలోంచి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద ప్లాస్టిక్ కవర్లో భద్రంగా ఒక ఉత్తరం.

"నమస్కారం మేడం. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఒక్కేళ్లు చేశానండీ, చివర్లో సూపర్‌వైజర్‌నయ్యాను. రెండేళ్ల కిందట నెట్ సెంటర్లో టైపు చేయించి మీకో నవల పంపాను, 'నాలుగొందల దుప్పట్లు' అని. మీరు మార్చమన్నట్టు మార్చి తీసుకొచ్చాను. ఆలస్యమైంది, ఏమనుకోకండి."

కత్తెరమ్మకు ఆ నవల గుర్తు లేదు. "అలాగా, కూర్చోండి" అంది. ఎదురుగా మనిషి కూర్చుని ఉంటే నివేదిక తీయించడం మర్యాద కాదు. అందుకని కట్ట విప్పి చదవడం మొదలుపెట్టింది. పది పేజీలు చదివి పంపేద్దామనుకున్న మనిషి నలభై పేజీలు చదివింది. టీ చల్లారిపోయింది. ఆ రాతలో ఆవిరి గది ఉంది, తడి నేల ఉంది, నెత్తుటి మరకలకు చన్నీళ్లే వాడాలి, వేణ్ణీళ్లు తగిలితే మరక ఇక వదలదు అన్న కిటుకు ఉంది. కత్తెరమ్మ ఒళ్లు చాలా రోజుల తర్వాత జల్లుమంది. ఎర్ర పెన్సిలు అందుకుంది. నలభై రెండో పేజీలో ఆగింది.

"ఇక్కడ మీ కథలో మనిషి రోజుకు నాలుగొందల దుప్పట్లు మడతపెడుతుంది, అవునా?"

"అవునండీ."

"ఆస్పత్రి దుప్పటి పెద్దది. ఒక్కళ్లు మడవలేరు. ఈవిడ రెండు కొసలు పట్టుకుని వెనక్కి అడుగులేస్తోందని రాశారు. మరి అవతలి రెండు కొసలు ఎవరు పట్టుకున్నారు?"

లాండ్రీ ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి కత్తెరమ్మ కూడా మురిసింది. పాత కత్తెర పదును ఇంకా పోలేదనుకుంది.

"ఎంత పట్టుగా చదువుతారండీ మీరు! అది నేను సరిగ్గా చెరపలేదు. అవతల మా చెల్లెలుండేది మేడం. కథలో కూడా చెల్లెలే. మీరే కదా తీసెయ్యమన్నది."

కత్తెరమ్మకు వెంటనే అర్థం కాలేదు. లాండ్రీ ఆవిడ ప్లాస్టిక్ కవర్ను బల్ల మీద ఆవిడ వైపు జరిపింది. ఉత్తరం కింద కత్తెరమ్మ సంతకమే. 'మీ రచన మొత్తం శ్రద్ధగా చదివాను. పనిచేసే చోటును మీరు చూపిన తీరు బాగుంది. అయితే చెల్లెలి పాత్ర కథను ముందుకు నడపడం లేదు. ఆ పాత్రను తొలగిస్తే కథ బిగువుగా ఉంటుంది. మార్చాక మళ్లీ చూపించండి.'

చెవుల దగ్గర్నుంచి మెడ దాకా వేడెక్కింది. నోరు తెరిచి చెప్పాల్సింది అప్పుడే. కాని ఆవిడ నోట్లోంచి వచ్చిన మాట వేరు.

"అవునవును, గుర్తొచ్చింది. చెల్లెలి పాత్ర... అవును."

"రెండేళ్లు పట్టిందండీ తియ్యడానికి. ఎక్కడ తీసినా అక్కడ చిరిగిపోయేది. కుట్టుకుంటూ వచ్చాను."

"ఉంచి వెళ్లండి. చదివి కబురు చేస్తాను" అంది కత్తెరమ్మ. తలెత్తి చూడలేకపోయింది. లాండ్రీ ఆవిడ రెండు చేతులూ జోడించి మరీ వెళ్లింది.

పక్కగదిలోంచి మేనకోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. అన్నీ వినే ఉంటుంది.

"ఆ పాతది వెతికి పెట్టు" అంది కత్తెరమ్మ.

"అత్తా, అప్పుడు నువ్వు చదివానన్నావు."

"వెతికి పెట్టమన్నాను కదా!" అని కసిరింది. తర్వాత గొంతు తగ్గించి, "చదవలేదే. అదే కాదు, చాలా చదవలేదు" అంది. మేనకోడలు తిట్టినా బాగుండేది. ఫైలు తీసి, మూడొందల ఎనభై పేజీలు ముద్రించి, బల్ల మీద పెట్టి, శబ్దం కాకుండా తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

ఆ సాయంత్రమూ మర్నాడూ కత్తెరమ్మ ఇంకే పనీ ముట్టలేదు. చెల్లెలు లేకపోతే ఆ నవలే లేదు. ఇద్దరూ దుప్పటి మడిచేటప్పుడు నాలుగడుగులు వెనక్కి, నాలుగడుగులు ముందుకు. ఎదురెదురుగా వచ్చి చేతులు కలిసిన ఆ క్షణంలోనే ఇంటి సంగతులు, ఒంటి సంగతులు చెప్పుకునేవాళ్లు. మళ్లీ విడిపోయేవాళ్లు. ముప్పై ఏళ్ల జీవితం అలా ముక్కలు ముక్కలుగా చెప్పుకున్నారు. మధ్యలో ఒక అధ్యాయం ఉంది. కాన్పులో చనిపోయిన ఒక అమ్మాయి దుప్పటిని అక్క ఏదో ధ్యాసలో వేణ్ణీళ్లలో వేసేస్తుంది. మరక గట్టిగా పట్టేస్తుంది. అక్కకు తెలియకుండా చెల్లెలు ఆ దుప్పటిని మధ్యాహ్నమంతా రాయికేసి రుద్దుతుంది. ఫలితం ఉండదు. సూపర్‌వైజర్ వచ్చేసరికి, "నేనే వేశాను" అని నేరం తన మీద వేసుకుంటుంది. మూడు నెలలు ఆమెను పనిలోంచి తీసేస్తారు. అక్క తలుపు చాటునుంచి అంతా వింటుంది. బయటికి రాదు. 'నేను రాలేదు' అన్న రెండు మాటలతో ఆ అధ్యాయం ఆగిపోతుంది.

ఆ పేజీ దగ్గర కత్తెరమ్మ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. ఈవిడ తన సిగ్గును ఇంత సూటిగా కాగితం మీద పెట్టింది. అది పట్టుకుని తన దగ్గరికి వస్తే, తను దాన్ని చూడకుండానే కొట్టేయమంది.

ఆదివారం ఉదయం పది గంటలకు చిరునామా పట్టుకుని బయల్దేరింది. ఆస్పత్రి పనివాళ్ల క్వార్టర్లు, మూడో అంతస్తు, పొడుగాటి వరండా. తలుపు తీసింది చెల్లెలు. అక్కకంటే సన్నం, మాట మాత్రం ఖంగుమంటోంది.

"మీరేనా కత్తెరమ్మగారు? మా అక్క చెప్పింది. అయితే నన్ను కత్తిరించింది మీరేనన్నమాట!" అని నవ్వింది. ఆ నవ్వుకు కత్తెరమ్మ గడప మీదే తడబడింది.

లోపలి గదిలో లాండ్రీ ఆవిడ గబగబా కుర్చీ మీది బట్టలు తీసి చోటు చేసింది. "చదివేశారా మేడం అప్పుడే?" అంది ఆశగా.

కత్తెరమ్మ కూర్చోలేదు. దారిపొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"రెండేళ్ల కిందట మీరు పంపింది నేను చదవలేదమ్మా. ఒక్క పేజీ కూడా చదవలేదు. కంప్యూటర్ ఇచ్చిన సారాంశం చూసి ఆ ఉత్తరం రాశాను. మొన్న మీరు అడిగినప్పుడు కూడా గుర్తుందని అబద్ధమాడాను. పాతది ఇప్పుడు చదివాను. మీ చెల్లెల్ని తియ్యకూడదు. తియ్యమనడం నా తప్పు."

వరండాలో ఎవరో బకెట్ ఈడ్చుకుంటూ పోయారు.

"మరి... శ్రద్ధగా చదివానని రాశారు కదా?" అంది లాండ్రీ ఆవిడ. ఆమె గొంతులో కోపం లేదు. అర్థం కాని పిల్ల అడిగినట్టు అడిగింది.

"అది అందరికీ రాస్తానమ్మా."

లాండ్రీ ఆవిడ తన చేతుల్ని చూసుకుంది. "ఆ ఒక్క మాటే మేడం నాకు మిగిలింది. ముప్పై ఏళ్లు దుప్పట్లు ఉతికాను. తెల్లగా ఉంటే ఎవరూ చూడరు, మరకుంటేనే పిలుస్తారు. నేను చేసిన పని ఒకరు మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా చూశారంటే అదే మొదటిసారి అనుకున్నాను. అందుకే కవర్లో పెట్టుకున్నాను." చెల్లెలి వైపు చూసి, "దీనికేమో... 'పెద్ద చదువరి చెప్పిందే, కథకి నువ్వు అక్కర్లేదట' అని చెప్పాను. నవ్వేసింది. వారం రోజులు నాతో కలిసి తినలేదు" అంది.

"ఊరుకో అక్కా, ఇప్పుడెందుకదంతా" అంది చెల్లెలు. ఆమె నవ్వడం లేదు.

కత్తెరమ్మ చేతిలోని కట్టను బల్ల మీద పెట్టబోయింది. "ఇది మీ పాత ప్రతి. మీకిచ్చి వెళ్దామని వచ్చాను. ఇంకెవరికి ఇమ్మన్నా వాళ్లకి నేను..."

"కూర్చోండి" అంది లాండ్రీ ఆవిడ. ఆ ఒక్క మాటలో ముప్పై మంది పనివాళ్ల మీద పెత్తనం చేసిన మనిషి వినిపించింది. "కూర్చుని చదవండి. ఇక్కడే, మా ముందు. పైకి చదవండి."

"మొత్తమా?"

"మొత్తం. ఇవాళ ఎంతయితే అంత. మిగతాది వచ్చే ఆదివారం. మా చెల్లెలు కూడా ఇది వినలేదు. వినిపించకుండానే దాన్ని తీసేశాను."

కత్తెరమ్మ కూర్చుంది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, నలభై మంది రచయితలను బెంచీ ఎక్కించిన మనిషి, ఆ రోజు పాఠం రాని పిల్లలా గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మొదట్లో మాటలు తడబడ్డాయి. చెల్లెలు మధ్యలో అడ్డు తగిలేది. "అలా నేననలేదు! నేనింకా ఘాటుగా అన్నాను." "ఉండు, విననీ!" అనేది అక్క. ఒకచోట ముగ్గురూ నవ్వారు. నవ్విన మరుక్షణం, ఈ నవ్వులో తనకేం హక్కుందని కత్తెరమ్మ మళ్లీ కాగితాల్లోకి తల దించుకుంది.

రెండో ఆదివారం ఆ వేణ్ణీళ్ల అధ్యాయం వచ్చింది. కత్తెరమ్మకు తెలుసు వస్తోందని. గొంతు తగ్గించింది. 'నేను రాలేదు' దగ్గర ఆగింది.

చెల్లెలు అక్క వైపు తిరిగింది. "తలుపు వెనకాల ఉన్నావా నువ్వు?"

"ఉన్నాను."

"అంతా విన్నావా?"

"విన్నాను. వాళ్లు నీ సంచి వెతికింది కూడా చూశాను."

"ఇరవై మూడేళ్లయిందే అక్కా. నీకు తెలియదనే నేను..."

"నోటితో చెప్పే ధైర్యం లేకే రాశాను. రాసింది చదివి వినిపిద్దామనుకునేలోపు ఆ ఉత్తరం వచ్చింది. తీసెయ్యమన్నారు. హమ్మయ్య అనుకున్నాను." లాండ్రీ ఆవిడ మొహాన్ని రెండు చేతుల్లో దాచుకుంది. "తియ్యమన్నందుకు బాధే. లోపల ఎక్కడో హమ్మయ్య అనుకున్నాను."

చెల్లెలు లేచి వంటింట్లోకి వెళ్లింది. లోపల కుళాయి తిప్పిన చప్పుడు చాలాసేపు వినిపించింది. కత్తెరమ్మకు కుర్చీలోంచి లేచి పోవాలనిపించింది. ఇద్దరు మనుషుల మధ్య జరగాల్సిన మాటను తను రెండేళ్లు ఆపేసిందని అప్పుడు అర్థమైంది. ఉత్తరంలో ఐదు వాక్యాలు. టైపు చేయడానికి రెండు నిమిషాలు కూడా పట్టి ఉండదు.

చెల్లెలు మూడు గ్లాసుల మంచినీళ్లతో తిరిగి వచ్చింది. ఒకటి అక్క చేతిలో, ఒకటి కత్తెరమ్మ చేతిలో పెట్టి, "చదవండి మేడం, తర్వాతేమైంది?" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

ఐదు ఆదివారాల్లో నవల పూర్తయింది. చివరి రోజు లాండ్రీ ఆవిడ, "సరే, మీరే అచ్చు సంగతి చూడండి. ఇంకొకరి దగ్గరికి పోయి మళ్లీ మొదట్నుంచి చెప్పుకునే ఓపిక నాకు లేదు" అంది. క్షమించానని అనలేదు. కత్తెరమ్మ అడగలేదు.

ఆఫీసుకు వచ్చి, చదవకుండా రాసిన ఉత్తరాలన్నీ వెతికి తీయించింది. మూడొందల పదహారు. ఆ మూడొందల పదహారు మందికీ మళ్లీ ఉత్తరం రాస్తానంది, చదవలేదు, క్షమించండి, కావాలంటే ఇప్పుడు చదువుతాను అని.

"పిచ్చెక్కిందా అత్తా? బయటికి పొక్కితే ఆఫీసు మూసుకోవాలి."

"పొక్కనీ."

పొక్కింది. ఎవరో ఆ ఉత్తరాన్ని ఫోన్లో అందరికీ చూపించారు. 'చదవని చదువరి' అని వారం రోజులు ఏకిపారేశారు. ఆవిడ తరఫున ఉన్న రచయితల్లో పదకొండు మంది మర్యాదగా తప్పుకున్నారు. కళ్లజోళ్ల దుకాణం వాడు ఆవిడ మెట్లు దిగుతుంటే లోపల ఏదో వెతుకుతున్నట్టు అటు తిరిగేవాడు. అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది పాత ప్రచురణకర్త ఫోన్లో అన్న మాట: "అందరం చేస్తున్నదే కదండీ, పైకి చెప్పుకోవడం దేనికి?" తనకూ వాళ్లకూ తేడా ఉందని ఇన్నాళ్లూ అనుకుంది.

జవాబులు రకరకాలుగా వచ్చాయి. చాలామంది అసలు పలకలేదు. కొందరు శాపనార్థాలు పెట్టారు. ఒకాయన మాత్రం, 'మీరు చదవకపోవడమే మంచిదైంది. అది నేను రాసిందీ కాదు, కంప్యూటర్‌తో రాయించాను' అని రాశాడు. ఆ ఒక్క ఉత్తరం చూసి అత్తా మేనకోడళ్లిద్దరూ కడుపుబ్బ నవ్వారు. నవ్వి నవ్వి మేనకోడలు, "వాళ్ల యంత్రం రాసింది, మన యంత్రం చదివింది. మధ్యలో మనమెందుకత్తా?" అంది. కత్తెరమ్మ కళ్లజోడు తుడుచుకుని తర్వాతి ఉత్తరం అందుకుంది.

గడియారాలు బాగుచేసే ఒకాయన ఫోన్ చేశాడు. "మీ మొదటి ఉత్తరం వచ్చాక రాయడం మానేశానండీ. కాగితాలు కూడా చించేశాను. మానేశాక హాయిగానే ఉంది. ఇప్పుడీ ఉత్తరం దేనికి రాశారు? నన్నేం చెయ్యమంటారు?" అన్నాడు. మీ ప్రతి మా దగ్గరుంది, చదువుతాను అంది ఆవిడ. "మీ ఇష్టం" అని పెట్టేశాడు. రెండుసార్లు చదివింది. నిజంగానే అది బాగా లేదు. ఆ సంగతి నాలుగు పేజీలు చేత్తో రాసి పంపింది. ఆయన మళ్లీ పలకలేదు.

లాండ్రీ ఆవిడ నవలను తొమ్మిది సంస్థలు కాదన్నాయి. "ఆవిడకి ఫాలోయర్లెంతమంది?" అంటే, "ఆవిడది బటన్ల ఫోను" అని చెప్పాల్సివచ్చేది. పదోది, ఇద్దరే నడిపే చిన్న సంస్థ, తీసుకుంది. వంద పేజీలు తగ్గించమంది. ఏవి తగ్గించాలో కత్తెరమ్మ చెప్పలేదు. అక్కాచెల్లెళ్లిద్దరూ బల్ల దగ్గర కూర్చుని పోట్లాడుకుంటూ తగ్గించారు. ఆవిడ పక్కన కూర్చుని, అడిగినప్పుడు మాత్రం మాట్లాడింది.

పుస్తకం విడుదల ఒక గ్రంథాలయం వెనక గదిలో జరిగింది. లాండ్రీలో పనిచేసిన వాళ్లే ముప్పావు వంతు. లాండ్రీ ఆవిడ మైకు ముందు నిలబడి, నాలుగు మాటలు చెప్పి, చివర్న వెనక వరసలో ఉన్న కత్తెరమ్మను చూపించింది.

"ఆ మేడం నా పుస్తకాన్ని రెండోసారి చదివారు" అంది. అంతే అని కూర్చుంది.

జనం చప్పట్లు కొట్టారు. రెండుసార్లు చదివిందట అని మెచ్చుకోలుగా వెనక్కి తిరిగి చూశారు. ముందు వరసలోని ముసలాయన ఒకడు లేచి వచ్చి, "ఈ రోజుల్లో ఒకసారి చదివేవాళ్లే లేరమ్మా, రెండుసార్లు చదివారంటే మీరు గొప్పవాళ్లు" అని చెయ్యి పట్టుకున్నాడు. కత్తెరమ్మ ముఖం కందిపోయింది. "లేదండీ, అసలు జరిగిందేమిటంటే..." అని మొదలుపెట్టింది.

పక్క కుర్చీలోని చెల్లెలు ఆవిడ మోచెయ్యి గిల్లింది. "ఊరుకోండి మేడం. ఇవాళ మా అక్క రోజు. మీ గొడవ రేపు చెప్పుకుందురుగాని."

కత్తెరమ్మ నోరు మూసుకుంది. ముసలాయన ఇంకా మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు చేతులు చాచి నిలబడ్డారు. ఆవిడ ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి, తల వంచి, ఆ మెప్పునంతా మాట్లాడకుండా మోసింది.